రెండు మంచి మందులు కలిసినప్పుడు
(మండల సమాఖ్య వార్షిక మహాసభలో ఆరోగ్య ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఇప్పటిదాకా లెక్కలు విన్నారు. పొదుపు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి, రికవరీ అన్నీ అయ్యాయి. ఆకలి కూడా అవుతుంటుంది. మాకు అరగంట ఇచ్చారు. ప్రతి ఏడాదీ మేము రక్తహీనత గురించి, పోషకాహారం గురించి, మరుగుదొడ్ల గురించి చెప్పి కూర్చునేవాళ్ళం. ఈసారి అవేవీ చెప్పం. ఒకే ఒక్క సంగతి చెబుతాం. అది మన సంఘంలోని ఒక అక్కకు జరిగింది. ఆమె ఈ హాల్లోనే కూర్చుని ఉంది. చెప్పమని ఆమే అంది, పేరు మాత్రం చెప్పొద్దంది. పోల్చుకున్నవాళ్ళు దయచేసి వెనక్కి తిరిగి చూడకండి.

ఆమెకు అరవై దాటాయి. మూడేళ్ళ కింద గుండెకు స్టెంటు వేశారు. అప్పటి నుంచి రాత్రి అన్నం తిన్నాక ఒక క్యాప్సూల్ వేసుకుంటుంది. దాన్ని ఆమె 'గుండె గొట్టం' అంటుంది. తర్వాత ఇంకోచోట సుగర్ పరీక్ష చేయించుకుంటే, అక్కడి డాక్టరు సుగర్ బిళ్ళతో పాటు ఇంకో చిన్న తెల్ల బిళ్ళ రాశారు. అది ఎందుకో ఆమె అడగలేదు, మనమైనా అడిగి ఉండేవాళ్ళం కాదు. ఇవి కాక పొద్దున్నే పరగడుపున థైరాయిడ్ బిళ్ళ.

ఈ ఏడాది మిర్చి కోతల ముందు నుంచీ ఆమెకు కడుపులో మంట. తిన్నా మంటే, తినకున్నా మంటే. పట్నంలో కడుపు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. తీసుకెళ్ళింది మా ఉపసంఘం సభ్యురాలే. గొట్టం వేసి చూసి, కడుపులో హెలికోబాక్టర్ పైలోరీ అనే బాక్టీరియా ఉందన్నారు. అదుంటే కడుపులో పుండ్లు పడతాయి, దాన్ని చంపాలి. పద్నాలుగు రోజుల కిట్ రాశారు. పొద్దున ఒక పూట, రాత్రి ఒక పూట. అందులో రెండు రకాల యాంటీబయాటిక్స్, ఒక గ్యాస్ బిళ్ళ.

రాసే ముందు ఆ డాక్టరు గారు అడిగారు: "వేరే మందులు ఏమన్నా వాడుతున్నారా అమ్మా?"

"ఏం లేవండీ, గ్యాస్ బిళ్ళ ఒక్కటే."

ఆ మాట అన్నది ఆ అక్క కాదు. పక్కన నిలబడ్డ మేమే. అబద్ధం చెప్పాలని కాదు. సుగర్ బిళ్ళ, గుండె బిళ్ళ రోజూ వేసుకునేవి కదా, అవి మనకు అన్నంలో ఉప్పు లాంటివి. డాక్టరు అడుగుతున్నది ఈ కడుపు మంటకు ఏం వాడారని అనుకున్నాం. ఇంకో కారణం కూడా ఉంది, దాచడం ఎందుకు. బయట ఇంకా ఇరవై మంది ఉన్నారు, మూడు గంటల బస్సు పోతుందేమోనని మా తొందర మాది.

కిట్ మొదలుపెట్టిన ఎనిమిదో రోజుకు ఆమెకు తొడలు లాగడం మొదలైంది. ఆ వారం ఆమె కోతకు పోయింది, వంగి పని చేసింది, నొప్పులు రావా అనుకున్నాం. పదకొండో రోజుకు పీట మీద కూర్చుంటే లేవలేకపోయింది. చెయ్యెత్తి జడ వేసుకోలేకపోయింది. ఊళ్ళో ఆర్‌ఎంపీ ఒక నొప్పి ఇంజక్షను చేశాడు. దాంతో ఒక పూట తేరుకుంది. ఆ వారం సంఘం మీటింగుకు రాలేదు. అంతకు ముందు వారం కూడా రాలేదు. మన పద్ధతి ప్రకారం వరసగా రెండు మీటింగులకు రాకపోతే జరిమానా. రాశాం. "కోతకు పోవడానికి ఒంట్లో బాగుంటుంది, మీటింగుకు మాత్రం బాగుండదు" అని ఒకామె అంటే మిగతావాళ్ళం నవ్వాం కూడా.

పదమూడో రోజు మూత్రం నల్ల టీ రంగులో వచ్చింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ తాగింది, సబ్జా నీళ్ళు తాగింది. మర్నాటికి మూత్రమే సరిగా రాలేదు. అప్పుడు సిగ్గుపడుతూ కోడలికి చెప్పింది. ఆ పిల్ల ఆ రాత్రే ఆటో మాట్లాడి పెద్దాసుపత్రికి తీసుకుపోయింది. ఆ కోడలు కూడా ఇక్కడే ఉంది. ఆమె ఆ రాత్రి 'పొద్దున చూద్దాంలే' అని ఉంటే మేము ఈరోజు ఇంకోలా మాట్లాడాల్సి వచ్చేది.

అక్కడ సీపీకే అని ఒక రక్త పరీక్ష చేశారు. కండలు ఎంత దెబ్బతిన్నాయో చెప్పే పరీక్ష అది. మామూలుగా రెండొందల లోపు ఉండాలి. ఆమెకు నలభై వేలు దాటింది. క్రియాటినిన్ కూడా పెరిగిపోయింది, అంటే మూత్రపిండాలు పని తగ్గించేశాయి.

అక్కడి డ్యూటీ డాక్టరమ్మ చిన్న వయసు పిల్ల. ఆమె ఒక మంచి పని చేసింది. "ఏ మందులు వాడుతున్నారు" అని అడగలేదు. "ఇంట్లో ఉన్న మందులన్నీ, ఖాళీ అట్టలతో సహా తెప్పించండి" అంది. కొడుకు ఇంటికి పోయి బిస్కట్ డబ్బా తెచ్చాడు. ఆమె దాన్ని మంచం మీద బోర్లించి, ఒక్కో అట్ట వెనక చదివి పక్కన పెట్టుకుంటూ వచ్చింది. మూడు అట్టలు విడిగా తీసింది. ఒకటి గుండె గొట్టం. అందులో ఒకటి కాదు, మూడు మందులు కలిపి ఉన్నాయి: రక్తం గడ్డ కట్టకుండా చేసేవి రెండు, కొవ్వు తగ్గించే అటోర్వాస్టాటిన్ 20 మిల్లీగ్రాములు. రెండోది సుగర్ డాక్టరు రాసిన చిన్న తెల్ల బిళ్ళ. అదీ అటోర్వాస్టాటినే, ఇంకో 20. కంపెనీ పేరు వేరు, అట్ట రంగు వేరు, లోపల మందు ఒక్కటే. మూడోది కడుపు కిట్. అందులోని ఒక యాంటీబయాటిక్ పేరు క్లారిత్రోమైసిన్.

"ఈ రెండూ మంచి మందులేనమ్మా, కలిసి ఉండకూడదు" అంది ఆ డాక్టరమ్మ.

ఆ మాట మాకు అప్పుడు అర్థం కాలేదు. తర్వాత మన పీహెచ్‌సీ డాక్టరు గారి దగ్గర, ఫార్మసిస్టు గారి దగ్గర కూర్చుని రెండు మూడుసార్లు చెప్పించుకున్నాం. మాకు అర్థమైన విధంగా చెబుతాం.

మన చెరువు గుర్తు తెచ్చుకోండి. కాలువలోంచి రోజూ కొన్ని నీళ్ళు వస్తాయి, తూములోంచి రోజూ కొన్ని పోతాయి. అందుకే మట్టం ఒక్కతీరుగా ఉంటుంది. మనం వేసుకునే కొవ్వు బిళ్ళ కూడా అంతే. రోజూ ఒకటి లోపలికి పోతుంది, కాలేయంలో, పేగుల్లో ఉండే ఒక ఎంజైము దాన్ని కొంచెం కొంచెంగా విరిచి బయటికి పంపుతుంది. ఆ ఎంజైముకు డాక్టర్లు పెట్టిన పేరు సిప్ 3ఏ4. పేరు మర్చిపోయినా ఫరవాలేదు. క్లారిత్రోమైసిన్ వచ్చి ఆ తూముకు అడ్డం పడుతుంది. బిళ్ళ రోజుకు ఒకటే, వచ్చే నీళ్ళు పెరగలేదు. పోయే దారి మూసుకుపోయింది. అటోర్వాస్టాటిన్ అయితే రక్తంలో నాలుగైదు రెట్లు కావచ్చు. సిమ్వాస్టాటిన్ అనే పాత బిళ్ళ అయితే పది రెట్ల దాకా పోతుంది. మన అక్కకు మొదటే రెండు కాలువలు వచ్చి పడుతున్నాయి, ఒకే మందు రెండు పేర్లతో.

అలా పెరిగిన మందు కండల మీద పడుతుంది. తొడలు, భుజాలు, నడుము లాంటి పెద్ద కండలు ముందు దెబ్బతింటాయి. కండ కణాలు పగిలి అందులోని సరుకంతా రక్తంలోకి వస్తుంది. అందులో మయోగ్లోబిన్ అనే ఎరుపు పదార్థం ఒకటి. అది మూత్రపిండాల్లో పేరుకుని వాటిని పని చెయ్యనివ్వదు. మూత్రం నల్ల టీ లాగా, కోలా లాగా రావడానికి కారణం అదే. ఎండ వల్ల చిక్కబడిన మూత్రం ముదురు పసుపుగా ఉంటుంది, నీళ్ళు తాగితే తేటపడుతుంది. ఇది అలా కాదు. కండల్లోంచి పొటాషియం కూడా రక్తంలోకి వస్తుంది, ఎక్కువైతే గుండె కొట్టుకోవడం తప్పుతుంది. డాక్టర్లు ఈ జబ్బును రాబ్డోమయోలిసిస్ అంటారు. పైగా నొప్పి ఇంజక్షన్లు, నొప్పి బిళ్ళలు చాలావరకు మూత్రపిండాల మీదే భారం వేస్తాయి. అంటే ఆర్‌ఎంపీ చేసిన ఇంజక్షనుతో నొప్పి ఒక పూట తగ్గింది కానీ మూత్రపిండాలకు ఇంకో దెబ్బ తగిలింది.

ఆమెకు కొవ్వు బిళ్ళలు, కిట్ రెండూ ఆపేశారు. రాత్రీ పగలూ సెలైన్లు ఎక్కించారు. మూడుసార్లు డయాలసిస్ చేశారు. పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. దేవుడి దయ అనండి, కోడలి తెలివి అనండి, మూత్రపిండాలు మళ్ళీ దారికొచ్చాయి. కర్ర పట్టుకోకుండా నడవడానికి రెండు నెలలు పట్టింది. మిర్చి కోతల కూలి మొత్తం పోయింది. గ్రామ సమాఖ్య నుంచి తీసుకున్న అప్పు ఇంకా కడుతోంది. మేము వేసిన జరిమానా తీర్మానం రాసి వెనక్కి ఇచ్చాం. ఆ డబ్బు ఎంతని కాదు. నవ్విన నవ్వు వెనక్కి తీసుకోవడానికి మినిట్స్ పుస్తకంలో గడి లేదు.

ఇది విని ఎవరైనా ఇంటికి పోయి కొవ్వు బిళ్ళ ఆపేస్తే మేము ఈరోజు మాట్లాడింది వృథా కాదు, పాపం. గట్టిగా చెబుతున్నాం. ఆపకండి. స్టెంటు వేసుకున్నవాళ్ళకు, పక్షవాతం వచ్చి తగ్గినవాళ్ళకు ఆ బిళ్ళ రెండో దెబ్బ రాకుండా కాపాడుతుంది. ఒక ముచ్చట చెబుతాం. ఈ జాతి మందును మొదట కనిపెట్టింది జపాన్‌లో అకిరా ఎండో అనే ఆయన, రైతు బిడ్డ. 1970ల మొదట్లో ఆరు వేల దాకా బూజులు, శిలీంధ్రాలు పరీక్షించి, చివరికి బియ్యానికి పట్టిన ఒక నీలిపచ్చ బూజులో దొరకబుచ్చుకున్నాడు. మనం బియ్యానికి బూజు పడితే దులిపి ఎండలో పోస్తాం. ఆయన దాంట్లోంచి మందు తీశాడు. ఆ దారిలో తయారైన మొదటి బిళ్ళ 1987లో అమెరికాలో అమ్మకానికి వచ్చింది. అప్పటి నుంచి కోట్ల మంది వాడుతున్నారు. వాడేవాళ్ళలో కండలు ఇంతగా దెబ్బతినేది చాలా చాలా తక్కువ మందికి.

కలిసినప్పుడు కూడా అందరికీ జరగదు. కెనడాలోని ఒంటారియోలో 65 ఏళ్ళు దాటి కొవ్వు బిళ్ళ వాడుతున్నవాళ్ళ లెక్కలు చూసి 2013లో ఒక పరిశోధన వేశారు. కొందరికి క్లారిత్రోమైసిన్ గానీ దాని అన్న లాంటి ఎరిత్రోమైసిన్ గానీ రాశారు, కొందరికి అజిత్రోమైసిన్ రాశారు. మొదటివాళ్ళలో కండలు పాడై ఆసుపత్రిలో చేరినవాళ్ళు రెండింతలు ఉన్నారు. రెండింతలు అన్నా, అది పదివేల మందిలో ఇద్దరు అదనం, అంతే. కానీ మూత్రపిండాలు దెబ్బతిన్నవాళ్ళు, చనిపోయినవాళ్ళు కూడా వాళ్ళలోనే ఎక్కువ. పదివేలలో ఇద్దరే కదా అని మేము కూడా అనుకున్నాం. ఆ ఇద్దరిలో ఒకరు మన సంఘంలో ఉంటే లెక్క వేరుగా కనిపిస్తుంది.

ఇంకో సంగతి కూడా డాక్టరు గారు చెప్పారు. 2001 ఆగస్టులో సెరివాస్టాటిన్ అనే కొవ్వు బిళ్ళను బేయర్ కంపెనీ మార్కెట్ నుంచి మొత్తంగా వెనక్కి తీసుకుంది. యాభై మందికి పైగా చనిపోయిన తర్వాత. వాళ్ళలో చాలామంది దాంతో పాటు జెమ్‌ఫిబ్రోజిల్ అని ఇంకో కొవ్వు మందు కూడా వాడినవాళ్ళు. అంటే బిళ్ళకు బిళ్ళ తోడైతే ఏమవుతుందో డాక్టర్ల లోకానికి ఇరవై ఏళ్ళ కిందే తెలుసు. మందు డబ్బాలో మడిచి పెట్టే చీటీలో కూడా రాసి ఉంటుంది: సిమ్వాస్టాటిన్‌తో క్లారిత్రోమైసిన్ అసలు వాడొద్దు, అటోర్వాస్టాటిన్ అయితే రోజుకు 20 మించొద్దు అని. మన అక్క 40 వేసుకుంటోంది. మనం డబ్బా కొనం, అట్ట కొంటాం. కొన్నిసార్లు అట్టలోంచి నాలుగు బిళ్ళలు కత్తిరించి ఇస్తారు. చీటీ షాపులోనే ఉండిపోతుంది.

క్లారిత్రోమైసిన్ ఒక్కటే కాదు. మనలో ఇప్పుడు ఇంటింటికీ తామర ఉంది. నడుము దగ్గర చీర కుచ్చిళ్ళు బిగించే చోట, తొడల సందుల్లో. సిగ్గుపడి చెప్పం, మందుల షాపుకు పోయి అడుగుతాం. అక్కడ ఇట్రాకొనజోల్ క్యాప్సూల్స్ వారాల తరబడి ఇస్తున్నారు. అది కూడా ఆ తూముకు గట్టిగా అడ్డం పడే మందే. గుండె బిళ్ళ వాడుతున్నవాళ్ళు తామరకు క్యాప్సూల్ వేసుకునే ముందు డాక్టరును తప్పకుండా అడగాలి. పైన రాసుకునే పూతమందుతో ఈ భయం లేదు. కొన్ని బీపీ బిళ్ళలు, కొన్ని సుగర్ బిళ్ళలు కూడా క్లారిత్రోమైసిన్‌తో కలిస్తే బీపీ గానీ సుగర్ గానీ ఉన్నట్టుండి పడిపోయే అవకాశం ఉంది. రోసువాస్టాటిన్ అనే కొవ్వు బిళ్ళ ఎక్కువగా వేరే దారిలో పోతుంది కాబట్టి దానికి ఈ గొడవ బాగా తక్కువ. అలాగని డాక్టరుకు చెప్పడం మానొద్దు.

మొన్న గ్రామ సమాఖ్య మీటింగులో ఇదంతా చెబుతుంటే ఒక పెద్దమ్మ అడిగింది, "పండ్లతో కూడా ఇట్లా అవుతుందంట గదా, బత్తాయి మానెయ్యాలా?" అని. ఆమె విన్నది గ్రేప్‌ఫ్రూట్ గురించి. అది మన ద్రాక్ష కాదు. బత్తాయి, నారింజ లాంటి పులుపు జాతి పండు, మన దగ్గర అరుదు. పేగుల్లోని తూముకు అది కూడా అడ్డం పడుతుంది. పంపర పనస దానికి దగ్గర చుట్టం, అందుకని దాన్ని రోజూ ఎక్కువగా తినేవాళ్ళు డాక్టరుకు ఒక మాట చెప్పండి. బత్తాయి మీద ఏ కేసూ లేదు.

మరి క్లారిత్రోమైసిన్ అవసరమైతే? అవసరం ఉంటుంది. మన అక్క కడుపులో బాక్టీరియాను చంపాల్సిందే. డాక్టరుకు ముందే తెలిసి ఉంటే ఆయన చేతిలో దారులున్నాయి. కిట్ వాడినన్ని రోజులు, ఆ తర్వాత కొన్ని రోజులు కొవ్వు బిళ్ళ ఆపమని చెప్పొచ్చు. యాంటీబయాటిక్ ఆపిన రోజే తూము తెరుచుకోదు, కొన్ని రోజులు పడుతుంది. లేదా వేరే కిట్ రాయొచ్చు. దగ్గు, గొంతు నొప్పి లాంటి వాటికైతే చాలాసార్లు అజిత్రోమైసిన్ సరిపోతుంది, దానికి ఈ తూముతో పేచీ చాలా తక్కువ. ఏది ఎంచుకోవాలో ఆయన పని, మన పని కాదు. మన దగ్గర ఇంకో పాడు అలవాటు ఉంది. పోయిన జలుబుకు మిగిలిన యాంటీబయాటిక్ అట్ట పక్కింటి వదినకు ఇస్తాం, అప్పడాలు పంచినట్టు. ఆ వదిన ఇంకేం వేసుకుంటోందో మనకేం తెలుసు? అట్ట మీద ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. 2016 నుంచి ప్రభుత్వం ఆ ఎర్ర గీత గురించి ప్రచారం చేస్తోంది. చదువు రాకపోయినా గీత కనిపిస్తుంది.

ఎవరు ఎక్కువ జాగ్రత్తగా ఉండాలని అడిగితే, డాక్టరు గారు చెప్పింది వింటే మన సంఘం మెంబర్ల లిస్టు చదివినట్టే ఉంది. వయసు మళ్ళినవాళ్ళు, ఆడవాళ్ళు, సన్నగా చిన్న ఒళ్ళు ఉన్నవాళ్ళు, థైరాయిడ్ తక్కువ ఉన్నవాళ్ళు, సుగర్ ఉన్నవాళ్ళు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు. ఇంకో ఇబ్బంది ఏమిటంటే మన ఒళ్ళు ఎప్పుడూ నొప్పులే. నాట్లకు పోతే నడుము, కోతలకు పోతే భుజాలు, ఉపాధి పనికి పోతే కాళ్ళు. ఏది పని నొప్పో ఏది మందు నొప్పో ఎట్లా తెలుస్తుంది? మేము కూడా ఇదే అడిగాం. పని నొప్పి ఆ పని చేసిన కండకే ఉంటుంది, రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. ఇది రెండు తొడలకూ, రెండు భుజాలకూ వస్తుంది, రోజు రోజుకూ పెరుగుతుంది, నొప్పి కన్నా నీరసం ఎక్కువగా ఉంటుంది. కింద కూర్చుంటే లేవలేరు, మెట్లెక్కలేరు, చెయ్యి తల మీదికి పోదు. కొత్త మందు మొదలుపెట్టిన కొన్ని రోజులకు ఇట్లాంటిది కనిపిస్తే, నొప్పి ఇంజక్షను వేయించుకోకుండా అదే రోజు డాక్టరు దగ్గరికి పోయి "ఈ మందు మొదలుపెట్టిన తర్వాత వచ్చింది" అని చెప్పాలి, సీపీకే పరీక్ష చేయించాలా అని అడగాలి. మూత్రం రంగు నల్లబడితే ఇంక తెల్లారే దాకా ఆగొద్దు. మూత్రం రంగు గురించి కోడలికి, కూతురికి, సంఘం లీడరుకు, ఎవరికైనా సరే చెప్పండి. అప్పు వాయిదా గురించి గట్టిగా మాట్లాడుకుంటాం గదా, దీని గురించి కూడా మాట్లాడుకుందాం.

ఆ అక్క ఇంటికి వచ్చాక మేము కూర్చుని ఆలోచించాం. తప్పు ఎవరిది? గుండె డాక్టరు రాసింది సరైనదే. సుగర్ డాక్టరు రాసిందీ విడిగా చూస్తే సరైనదే. కడుపు డాక్టరు అడిగాడు కూడా. ముగ్గురూ ఒకరినొకరు చూసుకోలేదు. ఆ ముగ్గురి గదుల్లోకీ పోయింది ఆ అక్క ఒక్కతే, ఆమె వెంట మేము. మందుల సంగతి ఒక గదిలోంచి ఇంకో గదికి మోసుకుపోవాల్సింది మేము, వట్టి చేతుల్తో పోయాం. బ్యాంకుకు పోయేటప్పుడు పాస్‌బుక్, ఆధార్, తీర్మానం కాపీ, మూడు ఫోటోలు మర్చిపోకుండా సంచిలో పెట్టుకుపోతాం. ఆసుపత్రికి పోయేటప్పుడు మాత్రం ఫోను, డబ్బులు.

అందుకని ఈ ఏడాది మా ఉపసంఘం ఒక చిన్న పని మొదలుపెట్టింది. ఎనిమిది సంఘాల్లో చేసి చూశాం. సభ్యురాలి పొదుపు పాస్‌బుక్ వెనక అట్ట లోపల ఒక కాగితం అంటించాం. ఆమె రోజూ వాడే ప్రతి మందు పేరు, కంపెనీ పేరు కాదు, అట్ట మీద చిన్న అక్షరాల్లో ఉండే అసలు మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో, ఏ పూటో, ఏ డాక్టరు రాశారో అందులో రాస్తాం. చదవడం రానివాళ్ళకు బుక్‌కీపరు రాస్తుంది, లేకుంటే పదో తరగతి చదివే పిల్లలు రాస్తారు. కలిపి ఉన్న గొట్టంలో మూడు మందులుంటే మూడు పేర్లూ విడివిడిగా రాయాలి. ఇది మొదట్లో మాకే తెలియలేదు, మొదటి వారం రాసిన కాగితాలన్నీ చింపి మళ్ళీ రాశాం. అట్లా రాస్తుంటేనే తెలిసింది, ఒకే మందు రెండు పేర్లతో వేసుకుంటున్నవాళ్ళు మన అక్క ఒక్కతే కాదని. వాళ్ళను పీహెచ్‌సీకి పంపించాం, డాక్టరు గారు చూసి ఒకటి తీసేశారు.

కాగితంతో పాటు సంచి. కొత్త డాక్టరు దగ్గరికి ఎవరు పోయినా, మనం గానీ మన అత్తయ్య గానీ ఆయన గానీ, ఇంట్లో వాడే మందులన్నీ అట్టలతో ఒక గుడ్డ సంచిలో వేసుకుని పోవాలి. డాక్టరు అడగకపోయినా బల్ల మీద పెట్టాలి. "ఈ కొత్త మందు వీటితో కలిపి వేసుకోవచ్చా అండీ?" అని ఒక్క మాట అడగాలి. విసుక్కుంటారేమోనని భయం ఉంటుంది. విసుక్కున్నా సరే అడగండి. మందుల షాపులో కూడా అదే మాట అడగండి. ఒక సభ్యురాలు అట్లా అడిగితే షాపతను "ఇంత చదువు ఎప్పుడు చదివావమ్మా" అన్నాడట. "మా సంఘంలో" అని చెప్పి వచ్చిందట. కార్యదర్శి గారూ, ఇది మీ నివేదికలో సాధించిన విజయాల కింద రాసుకోవచ్చు.

ఈ పని అన్ని సంఘాల్లో చెయ్యాలని సమాఖ్య ముందు తీర్మానం పెడుతున్నాం. కాగితాల జిరాక్సు ఖర్చు ఆరోగ్య నిధి నుంచి ఇవ్వాలని కోరుతున్నాం. మీటింగు ఎజెండాలో నెలకొకసారి, పొదుపు వసూలు అయిన వెంటనే, 'కొత్త మందులు ఎవరికైనా రాశారా' అనే ప్రశ్న చేర్చాలని అడుగుతున్నాం. ఇంకొకటి కూడా తీర్మానంలో రాశాం: వరసగా రెండు మీటింగులకు రాని సభ్యురాలికి జరిమానా వేసే ముందు, ఒకరు ఇంటికి పోయి చూసి రావాలి. దీని మీద లీడర్లలో కొంత వాదన జరిగింది. జరిమానా లేకపోతే క్రమశిక్షణ పోతుందని కొందరన్నారు. జరిమానా తీసెయ్యమని మేము అనడం లేదు. పోయి చూసి రండి అంటున్నాం, అంతే.

చేతులెత్తే ముందు ఇంకో మాట. ఈరోజు వచ్చేటప్పుడు ఇంట్లోని మందులు సంచిలో తెమ్మని వీఓఏలతో చెప్పించాం. చాలామంది తెచ్చారు, ఒడిలో కనిపిస్తున్నాయి. తీర్మానం అయ్యాక భోజనాలు. భోజనాల తర్వాత ఎడమ వైపు గదిలో పీహెచ్‌సీ ఫార్మసిస్టు గారు నాలుగు గంటల దాకా కూర్చుంటారు. ఒక్కొక్క సంచీ చూసి కాగితం రాసిస్తారు. వరసలో మొదట పెద్దవాళ్ళు, బస్సు దూరం ఉన్న ఊళ్ళవాళ్ళు. సంచి మర్చిపోయినవాళ్ళు ఇంటికి ఫోను చేసి, అట్టల వెనకవైపు ఫోటో తీసి పంపించమనండి. ముందు వైపు కాదు, వెనక వైపు.